కిటికీ మీది అంకెలు

మినియాపొలిస్,
నవంబరు, ఆదివారం

ప్రియమైన నేస్తానికి,

నువ్వు డాలస్ వెళ్లి రెండేళ్లయినా, ఇక్కడ మొదటి మంచు పడగానే నీకే ముందు చెప్పాలనిపిస్తుంది. నిన్న ఉదయం పడింది. రాత్రి ఫోన్లో నువ్వేమో కిటికీలు మార్చేందుకు రెండు కొటేషన్లు వచ్చాయనీ, అందులో అంకెలు అంతు పట్టడం లేదనీ అన్నావు. హడావిడిగా చెబితే తెలిసే సంగతి కాదని తీరిగ్గా రాస్తున్నాను. ముందుగా ఒక్క మాట: మా ఊరికి మంచిదైన అద్దం మీ ఊరికి మంచిది కాదు.

మా వంటింటి పాత కిటికీ నీకు గుర్తుండే ఉంటుంది. కుక్కర్ మూడో కూత కూసేసరికి అద్దమంతా చెమర్చి, నీళ్లు ధార కట్టేవి. గట్టు మీద పాత తువ్వాలు పరిచేవాళ్లం. జనవరిలో తెల్లారేసరికి ఆ తడి గడ్డకట్టి, గోటితో గీకితే పొడిలా రాలేది. ఇంట్లో వేడి అద్దం గుండా బయటికి పోతోందని, అందుకే అద్దం అంత చల్లబడుతోందని అప్పట్లో నాకు తట్టలేదు.

ఆ పోయే వేడి లెక్కే యూ-ఫ్యాక్టర్. కొత్త కిటికీ మీద, కిటికీలకి రేటింగ్ ఇచ్చే ఎన్‌ఎఫ్‌ఆర్‌సీ వాళ్ల తెల్ల స్టిక్కర్ ఉంటుంది చూడు, అందులో ఉంటుంది. చదరపు అడుగు కిటికీ గుండా, లోపలికీ బయటికీ ఒక్క ఫారెన్‌హీట్ డిగ్రీ తేడా ఉన్నప్పుడు, గంటకి ఎన్ని బీటీయూల వేడి పోతుందో చెప్పే అంకె. 15 చదరపు అడుగుల కిటికీ అనుకో. ఇంట్లో 70 డిగ్రీలు, బయట మైనస్ 10. యూ-ఫ్యాక్టర్ 0.50 అయితే గంటకి 600 బీటీయూలు పోతాయి, 0.25 అయితే 300. ఇది ఎంత తక్కువైతే అంత మేలు.

రెండో అంకె ఎస్‌హెచ్‌జీసీ. అద్దం మీద పడ్డ ఎండ వేడిలో ఎంత భాగం ఇంట్లోకి వస్తుందో అది చెబుతుంది. 0.19 అంటే నూటికి 19 వంతులు. నేను పొరపడింది ఇక్కడే. కిందటేడు వచ్చిన సేల్స్ మనిషి "ఏ అంకైనా తక్కువుంటేనే మంచిది" అన్నాడు, నమ్మాను. దక్షిణం వైపు హాల్లో, మన కరివేపాకు కుండీ పెట్టే చోట, 0.19 అద్దం వేయించాను. చలికాలపు ఎండ ఇప్పుడూ నేల మీద పడుతోంది. కానీ అక్కడ కాలు పెడితే మునుపటి వెచ్చదనం లేదు. చలికాలంలో ఊరికే వచ్చే వేడిని నేనే డబ్బిచ్చి ఆపుకున్నాను. ఇంధనం ఆదా చేసే వస్తువులకి ముద్ర ఇచ్చే ఎనర్జీ స్టార్ నియమాల్లో ఉత్తరాది రాష్ట్రాలకి మామూలుగా యూ-ఫ్యాక్టర్ 0.22 దాటకూడదు. అయినా ఎస్‌హెచ్‌జీసీ 0.40కి తగ్గకుండా ఉంటే 0.25నీ ఒప్పుకుంటారు. ఎండ తెచ్చే వేడికి వాళ్లిచ్చిన విలువ అది. ఆ సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది.

మీ ఇంటికి లెక్క తిరగబడుతుంది. సాయంత్రం నాలుగింటికి మీ పడమటి హాల్లో సోఫా మీద కూర్చోలేకపోతున్నామన్నావు కదా, అక్కడ ముందు చూడాల్సింది ఎస్‌హెచ్‌జీసీనే. 2023 అక్టోబరు నుంచి అమల్లో ఉన్న ఎనర్జీ స్టార్ నియమాల ప్రకారం డాలస్ వైపు అది 0.23 లోపు, యూ-ఫ్యాక్టర్ 0.28 లోపు ఉండాలి. యూ-ఫ్యాక్టర్ 0.20 ఉందంటూ మూడద్దాల కిటికీకి ఎక్కువ అడిగితే, ఆ డబ్బు మీ ఎండకి పెద్దగా పనికిరాదు. ఎస్‌హెచ్‌జీసీతో పాటు వీటీ అనే అంకె కూడా చూడు. అది వెలుతురుది. మరీ తగ్గితే పగలే లైట్లు వేసుకోవాలి.

కొటేషన్లో రాసిన యూ-ఫ్యాక్టర్ మొత్తం కిటికీదా, అద్దం నడిమిదా అని తప్పకుండా అడుగు. ఫ్రేమును వదిలేసి నడిమి అద్దం అంకె చెబితే కిటికీ ఉన్నదానికన్నా గొప్పగా కనిపిస్తుంది. స్టిక్కర్ మీది అంకె ఫ్రేముతో కలిపి లెక్కగట్టినది. ఆ అంకెనే కాంట్రాక్టులో రాయించు.

బిగించాక రాత్రిపూట లైట్లార్పి, దీపం పట్టుకుని అద్దం ముందు కాస్త ఏటవాలుగా నిలబడు. రెండద్దాల కిటికీలో నాలుగు దీపాలు కనిపిస్తాయి. వాటిలో ఒకటి రంగు మారి ఉంటుంది. వేడిని వెనక్కి కొట్టే లో-ఈ పూత ఉన్నది అక్కడే. మీ ఊరిలాంటి వేడి చోట్ల అది సాధారణంగా నీ వైపు నుంచి మూడోది కావాలి. నేను పూజగదిలోంచి ప్రమిద తెచ్చి చూశాను. అన్ని దీపాల మధ్య ఆ ఒక్కటి వేరుగా వెలుగుతుంటే, అన్నాళ్లూ అంకెగా చదివింది కళ్లముందు కనబడింది.

ఒక్కటి గుర్తుంచుకో. కరెంటు బిల్లులో మిగిలేదాంతోనే ఖర్చంతా రాబట్టాలంటే చాలా ఏళ్లు పడుతుంది. ఫ్రేములు గట్టిగానే ఉంటే, ముందు సందులు పూడ్పించి, పడమటి వైపు బయట నీడ ఏర్పాటు చేసి ఒక వేసవి చూడండి. మార్చక తప్పదంటే, బిగించేవాళ్లు స్టిక్కర్ పీకేలోపు ఫొటో తీసి పంపు. కొటేషన్ పక్కన పెట్టుకుని, ఇద్దరం కలిసి ఒక్కో అంకే సరిచూద్దాం.

నీ నేస్తం