మధ్యధరా తీరమున వివాహము: ఋతునిర్ణయము

మా బోరబండ హైదరాబాదు నగరమునకు పడమటి దిక్కున నున్న రాతిగుట్టల పేట. ఇచట ఎం.ఎం.టి.ఎస్. రైలెక్కినచో లింగంపల్లి వైపున మఱుసటి స్టేషనే హైటెక్ సిటీ. 1998వ సంవత్సరమున సైబర్ టవర్సు వెలసినది మొదలు ఆ వైపున మేఘముల నంటు సౌధములు లేచుచునే యున్నవి. ఇటు మా పేటలో సైటు ఒకటి, సైటు రెండు, సైటు మూడు అను పేళ్లతో మిట్టపల్లపు వీధులును, ఇఱుకు డాబాలును గలవు. ఆ సౌధములలో కొలువు చేయు బిడ్డలు కొందఱు ఈ డాబాలలో పుట్టి పెరిగినవారే. అందుచేత దేశాంతరముల ముచ్చటలు మా వీధికి వేగముగా వచ్చును. మొన్నమొన్నటి వఱకు పెండ్లి మాట వినబడినంతనే "ఏ ఫంక్షన్ హాలు?" అని యడిగెడివారు. ఇపుడు కొన్ని యిండ్లలో "ఏ దేశము?" అని యడుగుట మొదలైనది.

మా పొరుగింటి యిల్లాలు ఒకనాడు పంచాంగము చేత బట్టుకొని వచ్చి, "వదినగారూ, మా పిల్ల ఇటలీలో సముద్రపు టొడ్డున సెప్టెంబరులో పెళ్లి అంటోంది. మా అత్తగారేమో భాద్రపదంలో పెళ్లేమిటే అంటున్నారు. ఇద్దరి మధ్యా నలిగిపోతున్నాను, మీరు చూసి చెప్పండి" అని యడిగినది. నేను మా వారివలె బడిలో పాఠములు చెప్పుదానను గాను. ఇంటనే మా తండ్రిగారి యొద్ద కావ్యములును, కొంత పంచాంగమును చదువుకొన్న దానను. ఐనను ఈ ప్రశ్నకు ఒక్క పంచాంగము చాలదు. ఆ దేశపు ఎండవానల లెక్క తెలియవలెను. ప్రయాణము చేయవలసిన మనుష్యుల శక్తియు తెలియవలెను. ఈ మూటిని కలిపి నేను గ్రహించిన సంగతులు మఱికొందఱు సోదరీమణులకు అక్కఱకు వచ్చునని వ్రాయుచున్నాను.

దూరదేశపు పెండ్లి మనకు క్రొత్త గాదు. దశరథమహారాజు నాలుగు దినములు పయనించి మిథిలకు చేరెను. ఉత్తరఫల్గునీ నక్షత్రమున సీతారాముల కల్యాణము జరిగెను. మన తాతముత్తాతల నాటను మగపెండ్లివారు బండ్లు కట్టుకొని ఆడపెండ్లివారి యూరికి తరలి విడిదియింట దిగెడివారు. కాని యచట ఒక పక్షమువారు అతిథులైనను, రెండవ పక్షమువారు సొంత యూరివారు. వాన వచ్చినచో పొరుగువారి వసారాలుండెను. పాలు చాలనిచో ఎదురింటి గేదె యుండెను. మధ్యధరా తీరమున జరుగు పెండ్లిలో ఉభయపక్షములును విడిదివారే. అందువలన ఋతువు వికటించినచో ఆదుకొను ఊరు లేదు. ఇంటి పెండ్లికంటె ఈ పెండ్లికి ఋతునిర్ణయము ముఖ్యమగుటకు కారణమిదియే.

ఇటలీ, గ్రీసు, స్పెయిను, ఫ్రాన్సు దక్షిణభాగము, టర్కీ మొదలగు దేశముల నడుమ నున్నది మధ్యధరా సముద్రము. దాని తీరపు శీతోష్ణము మనదానికి తలక్రిందు. మనకు జూన్ మొదలు నైరృతి ఋతుపవనము వచ్చి వేసవిని చల్లార్చును. వారికి వేసవియందే చినుకు రాలదు. మనకు శీతకాలము పొడిగా నుండును. వారికి శీతకాలమే వానకాలము. ఈ ఒక్క సంగతి మనసున నుంచుకొన్నచో తక్కినవన్నియు సులభముగా తెలియును.

ఏప్రిల్ చివరనుండి జూన్ నడుమ వఱకు అచటి వసంతము. కొండలు పచ్చగా నుండును, పొలములలో ఎఱ్ఱని గసాలపూలు విరియును, మల్లెజాతి తీగెలు గోడలమీద పూచును. రోములో మే నెల మధ్యాహ్నము మన జనవరి మధ్యాహ్నమువలె హాయిగా నుండును. సముద్రజలము మాత్రమింకను చల్లగా నుండును. అప్పుడప్పుడు ఆఫ్రికా యెడారినుండి సిరోకో అను గాలి ధూళిని మోసికొని వచ్చును.

జూలై, ఆగస్టులు అందఱకు తెలిసిన నెలలు. కాని పెండ్లికి మంచివి గావు. 2021 ఆగస్టు 11వ తేదీన సిసిలీ ద్వీపమున 48.8 డిగ్రీల వేడిమి నమోదైనది. 2023 జూలైలో గ్రీసునందలి రోడ్సు ద్వీపమున కార్చిచ్చు రేగి వేలకొలది యాత్రికులను హోటళ్లనుండి తరలింపవలసి వచ్చినది. ఆ నెలయందే ఏథెన్సులోని ఆక్రోపోలిసును మిట్టమధ్యాహ్నపు వేళలందు మూసివేసిరి. ఈజియన్ సముద్రమున ఆ రెండు నెలలును మెల్టెమి యను ఉత్తరపు గాలి దినములతరబడి వీచును. పడవలు నిలిచిపోవును, పందిరి గుడ్డలు ఎగిరిపోవును. కంచిపట్టు చీర, నగలు, తలనిండ పూలతో పెండ్లికూతురు ఆ యెండలో ఎంతసేపు నిలువగలదు? ఇటలీలో ఆగస్టు 15 పెద్ద సెలవుదినము; ఆ వారములో చాల దుకాణములు మూతపడును.

సెప్టెంబరు మొదలు అక్టోబరు నడుమ వఱకు శరత్తు. వేసవియంతయు కాగిన సముద్రము అపుడు వెచ్చగా నుండును. ఎండ మెత్తబడును, ద్రాక్షకోతలు సాగును, జనసమ్మర్దము తగ్గును. ఋతువు నొక్కదానినే చూచినచో ఇదియే మేలైన కాలమనవలెను. మా పొరుగింటి పిల్ల అడిగినది అందుచేతనే. అక్టోబరు కడపటికి ప్రొద్దు కుఱుచయగును, వానలు దిగును. నవంబరు ఇటలీలో పెక్కుచోట్ల జడివానల నెల. తరువాతి చలినెలలలో ద్వీపములందలి విడుదులు అనేకము మూసియే యుండును.

ఈ విషయమున మన తెలుగువారి పెండ్లియే ఒక పాఠమైనది. సినీనటులు వరుణ్ తేజ్, లావణ్యా త్రిపాఠీల వివాహము ఇటలీదేశమున టస్కనీ సీమలోని బోర్గో సాన్ ఫెలీచె అను పాతకాలపు పల్లెవిడిదిలో 2023 నవంబరు 1వ తేదీన జరిగినది. అది ఆశ్వయుజ బహుళ చవితి. మన యాడపిల్లల అట్లతద్దికి మఱునాడు. పెండ్లి చక్కగా ముగిసినది. మఱునాటి రాత్రియే, అనగా నవంబరు 2న, సియారాన్ అను తుపాను టస్కనీమీద విరుచుకొనిపడి, ఫ్లోరెన్సు, ప్రాటో ప్రాంతములను ముంచివేసినది. పలువురు ప్రాణములు గోల్పోయిరి. ముహూర్తము ఒక్కదినము వెనుకబడియున్నచో బంధువుల ప్రయాణములేమై యుండెడివో యోచింపుడు. ఆ దంపతులకు అదృష్టము తోడైనది. అదృష్టము నమ్ముకొని నవంబరులో ఇటలీకి నూఱుమందిని తీసికొని పోవుట తగదు.

ఇక పంచాంగము. మాఘఫాల్గుణములలో ముహూర్తములు సమృద్ధి, కాని అచట చలియు వానయు. ఆషాఢమున మనకు పెండ్లిండ్లు లేవు. అచటి మండుటెండలు ఆరంభమగు కాలమది. శ్రావణమున ముహూర్తములు గలవు, కాని అది ఆగస్టు. భాద్రపదమున అచటి సముద్రము నిర్మలముగా నుండును, ఇచట మహాలయపక్షము, శుభకార్యము తలపెట్టరు. కార్తీకమున ముహూర్తములు మెండు, అచట జడివాన. ఇట్లు ఒక్కొక్క నెలయు త్రోసివేయగా రెండు లెక్కలకును సరిపడునవి వైశాఖమును, జ్యేష్ఠపు మొదటి భాగమును మాత్రమే. ఆశ్వయుజమున విజయదశమి తరువాతి కొలది దినములు రెండవ పక్షము. అందును ప్రతి సంవత్సరము ఒకటి గాదు. 2024లో శుక్ర, గురు మౌఢ్యముల వలన మే, జూన్ నెలలు ముహూర్తములు లేక వట్టిపోయినవి. 2026లో మే 17 మొదలు జూన్ 15 వఱకు అధిక జ్యేష్ఠము. కనుక సిద్ధాంతిగారిని అడుగక ముందే విడిదికి బయానా ఇచ్చుట కూడదు.

ముహూర్తము విషయమున మఱియొక సూక్ష్మము గలదు. తిథి లోకమంతటను ఒకే క్షణమున ముగియును. గడియారములలోని భేదమును తీసివేసినచో చాలును. ఇటలీకిని మనకును వేసవిలో మూడున్నర గంటలు, అక్టోబరు చివరి ఆదివారమునుండి నాలుగున్నర గంటలు భేదము. లగ్నము అట్లు గాదు. అది ఆయా చోటి సూర్యోదయమును, అక్షాంశమును బట్టి మాఱును. మన పంచాంగములోని లగ్నమునుండి గంటలు తీసివేసి యుపయోగించుట సరిగాదు. ఆ యూరికే ప్రత్యేకముగా గణింపజేయవలెను. అరుంధతి విషయమున మాత్రము ఆ దేశము అనుకూలము. రోము, ఏథెన్సు అక్షాంశములందు వసిష్ఠారుంధతులు ఏ ఋతువునను అస్తమింపరు. ఐనను శరద్రాత్రులలో వారు ఉత్తరదిక్కున నేలకు చేరువగా నుందురు. కొండ అడ్డమైనచో కానరారు. మే రాత్రులలో తలపైకెత్తినంతనే కనబడుదురు. అయితే జూన్ నాటికి రోములో ప్రొద్దు క్రుంకునది రాత్రి ఎనిమిదిన్నర దాటిన పిమ్మట. అరుంధతిని చూపుటకు పసిబిడ్డలను అంతవఱకు మేలుకొలిపి యుంచవలెను.

హోమాగ్నికిని ఋతువు చూడవలెను. గ్రీసులో మే 1 మొదలు అక్టోబరు 31 వఱకు కార్చిచ్చు కాలముగా నెంచి, ఆరుబయట నిప్పు రాజవేయుటపై కట్టుబాట్లు పెట్టుదురు. అగ్నిసాక్షికముగా జరుగవలసిన పెండ్లికి ముందే అనుమతి యడుగవలెను. సామగ్రి మాటయు జ్ఞాపకముంచుకొనవలెను. ఐరోపా కూటమి దేశములలోనికి ప్రయాణికులు పాలపదార్థములు తీసికొనిపోరాదు. కాబట్టి హోమపు నెయ్యి అచటనే కొనవలెను. మామిడాకులకు, తమలపాకులకు, పూలకు తెగుళ్లు లేవను ధ్రువపత్రము కావలెను. 2019 డిసెంబరునుండి అమలులోనున్న నిబంధన ప్రకారము కొబ్బరికాయ, అరటిపండు, ఖర్జూరము మొదలగు అయిదు ఫలములకు మాత్రము ఆ పత్రము అక్కఱలేదు. మన తాంబూలములోని టెంకాయయు అరటిపండును ఆ పట్టికలో నుండుట చూచి నేను సంతసించితిని.

కడపట మనుష్యులు. వీసాకై ప్రయాణమునకు ఆఱు నెలలకంటె ముందుగాని, పదునైదు దినములకంటె ఆలసించిగాని అర్జీ పెట్టరాదు. ముప్పదివేల యూరోలకు తక్కువగాని వైద్యభీమా ప్రతివారికిని ఉండవలెను. బడిపిల్లల సెలవులు మన రాష్ట్రమున ఏప్రిల్ చివరనుండి జూన్ రెండవ వారము వఱకు; వైశాఖపు పెండ్లికి అదియు కలిసివచ్చును. ఈ లెక్కలన్నియు నేను మా పొరుగింటివారికి కాగితముమీద వ్రాసి యిచ్చితిని. అందఱును మే నెలకు సమ్మతించిరి. అపుడా యింటి పెద్దామె, ఎనుబదికి చేరువైన మనిషి, మోకాళ్లు పట్టుకొని, "నెల బాగానే ఉందమ్మా. విమానాలు మారుతూ అంతసేపు కూర్చోవడం నా వల్ల కాదు. మీరు వెళ్లి రండి" అని నిబ్బరముగా పలికినది. ఆ మనుమరాలిని తల్లి కొలువునకు పోవుచుండగా పెంచినది ఆ ముసలామెయే. పిల్ల రెండు దినములు ఎవరితోను మాటాడలేదు. మూడవనాడు తానే నిర్ణయము చెప్పినది: తాళి బోరబండలోనే, అవ్వ చేతి అక్షతలతో, వైశాఖపు రాత్రి లగ్నమున, తరువాతి వారమున రాగలవారితో సముద్రతీరమున విందు. విందుకు ముహూర్తముతో పని లేదు గనుక అచటి ఆకాశమును మాత్రమే చూచుకొన్నచో చాలును.

అందఱును ఇట్లే చేయవలెనని నా యభిప్రాయము గాదు. ప్రయాణము చేయగల పెద్దలున్న యిండ్లవారు నిశ్చింతగా పోవచ్చును. కాని సోదరీమణులారా, క్రమము మాత్రము తప్పకుడు. అక్షతలు వేయుటకు ఎవరు లేనిచో ఆ పెండ్లి వెలితియగునో వారి పేళ్లు మొదట వ్రాసికొనుడు. వారు ఏ నెలలో, ఎంతదూరము రాగలరో అడుగుడు. పిమ్మట సిద్ధాంతిగారిని, ఆ పిమ్మట ఆ సీమ ఎండవానలను విచారింపుడు. విడిది యజమానికి సొమ్ము పంపుట అన్నిటికంటె కడపటి పని.