మేస్త్రిని ఎంచుకొనుట



పల్లెలో మనుష్యుడు తన జీవితకాలములో కట్టించు ఇల్లు ఒక్కటే. ఈ యేడు పోయిన పంట వచ్చు యేడు దక్కవచ్చును. ఇల్లు అట్లు కాదు. ఇరువది యేండ్లు కూడబెట్టిన సొమ్ము, ఇల్లాలి మెడలోని బంగారము, కుమారుడు గల్ఫు దేశమున ఎండలో నిలిచి పంపిన రూకలు, అన్నియు ఆ గోడలలోనికే పోవును. అయినను మనము "అడుగుకు ఎంత?" అని మాత్రమే అడిగి మేస్త్రిని కుదుర్చుకొందుము.

కాపరిగా ఇరువదియైదేండ్లకు పైగా పునాదిరాయి ప్రార్థనలకు పోవుచున్నాను. ఒక ఊర సొంత అన్నదమ్ములవలె మెలగిన ఇద్దరు సంఘస్థులను ఎరుగుదును. ఒకడు ఇల్లు కట్టించువాడు, రెండవవాడు మేస్త్రి. "మనలో మనకు కాగితమేల?" అనుకొనిరి. మెట్లును మరుగుదొడ్డి గుంతయు ఒప్పుకొన్న కూలిలోనివా కావా అని తగవు పుట్టెను. ఇల్లు లింటెలు మట్టమున ఆగిపోయెను. నాలుగేండ్లు ఒకే గుడిలో కూర్చుండియు ఒకరితో నొకరు పలుకలేదు. వారిలో ఎవడును దొంగ కాడు. ఒకే నోటిమాటను ఇద్దరు రెండు విధములుగా జ్ఞాపకముంచుకొనిరి, అంతే. కావున కాగితము అపనమ్మకమునకు గుర్తు అనుకొనవద్దు. అది స్నేహమును కాపాడు కంచె.

మరి మంచి మేస్త్రిని ఎట్లు కనుగొందుము? మా సంఘములో ఒక ఉపాధ్యాయురాలు, భర్త పోయిన తరువాత, ఈ పనిని మిక్కిలి వివేకముగా చేసెను. ఆమె మేస్త్రుల మాటలు వినలేదు, వారు కట్టిన ఇండ్లకు పోయెను. క్రొత్త ఇల్లు ఎవరిదైనను అందముగానే యుండును. ఆమె అయిదు వానకాలములు చూచిన ఇండ్లకు పోయి, అక్కడి ఇల్లాండ్రను అడిగెను: స్లాబు కారుచున్నదా? పిలిచిన మేస్త్రి మరల వచ్చెనా? తరువాత కూలీలను అడిగెను: శనివారము కూలి సరిగా ఇచ్చునా? కూలివాని సొమ్ము ఆపువాడు ఇంటివారి సిమెంటును మిగుల్చుకొనుటకు సందేహింపడని ఆమె ఎరుగును. చివరకు అందరికంటె తక్కువ అడిగినవానిని కాక, "అమ్మా, మీ బావి నీరు ఉప్పన, దానితో కాంక్రీటు కలిపిన చువ్వలు త్రుప్పు పట్టును, మంచినీరు తెప్పించండి" అని ముందే చెప్పినవానిని కుదుర్చుకొనెను. ఖర్చు పెరుగు మాటను పని దొరకకముందే చెప్పగలవాడు నమ్మదగినవాడు.

నీవును కొన్ని ప్రశ్నలు అడుగుము. నల్లరేగడి నేల వానకు ఉబ్బి ఎండకు కుంచించును. పునాది ఎట్లు వేయుదువని అడుగుము. అటువంటి నేలకొరకే రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థవారు అడుగున ఉబ్బుగల పైలు పునాదులను రూపొందించిరి. "ఏ నేలైనను ఒకటే" అను మేస్త్రిని విడిచిపెట్టుము. స్లాబునకు ఎన్ని దినములు తడి పెట్టుదువని అడుగుము. నేడు దుకాణములలో ఎక్కువగా దొరకు పి.పి.సి. సిమెంటునకు కనీసము 10 దినములు, ఎండకాలమున 14 దినములు తడి ఆరకూడదని 2000 సంవత్సరపు భారత ప్రమాణము చెప్పుచున్నది. మూడు దినములు చాలునను వానికి నీ సొమ్ము ఇయ్యకుము. 12 మి.మీ. చువ్వ మీటరునకు సుమారు 890 గ్రాములు తూగవలెను. తూచి చూతమనినప్పుడు మంచివాడు కోపపడడు.

ఇక కాగితము. కూలి మాత్రమేనా, సామగ్రితో సహానా, ఏ కొలత ప్రకారము లెక్క, మెట్లు, సన్‌షేడు, గుంత, గిలాబు అందులోనివేనా, ఎన్ని నెలలలో ముగియును, అన్నియు వ్రాయుము. సొమ్ము పని వెంట నడువవలెను గాని పనికి ముందు పరుగెత్తరాదు: పునాదికి ఇంత, లింటెలుకు ఇంత, స్లాబుకు ఇంత. కొంత భాగము మొదటి వానకాలము దాటువరకు నిలుపుదమని ముందే ఒప్పుకొనుడి. 2016లో వచ్చిన రెరా చట్టము ఫ్లాట్లు, ప్లాట్లు అమ్ము పెద్ద ప్రాజెక్టులకే గాని, నీ స్థలములో నీవు మేస్త్రిచే కట్టించు ఇంటికి వర్తింపదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టము గృహనిర్మాణమును కూడ సేవగా ఎంచుచున్నది గనుక, లోపము కలిగిన రెండేండ్లలోపు జిల్లా కమిషనుకు పోవచ్చును. అక్కడ నీ పక్షమున సాక్ష్యము చెప్పునది ఆ కాగితమే.

ఒక్క మాట మరువకుము. మేస్త్రియు ఇంటివానిని ఎంచుకొనుచున్నాడు. స్లాబు పడినను బాకీ తీర్చక రేపు మాపని త్రిప్పువాడు, లేచిన గోడను కూల్చి కిటికీ జరుపుమని కూలి ఇయ్యనివాడు, మంచి మేస్త్రికి తగినవాడు కాడు. గోడ నిలువుగా లేచుటకు మేస్త్రి చేతిలో తూకపుగుండు ఉన్నది. ఇంటివాని మాట కూడ అంత నిలువుగా ఉండవలెను. అప్పుడు ఇల్లు పూర్తియైన దినమున ఆ మేస్త్రియు నీ క్రొత్త పంచలో, నీ ప్రక్కనే కూర్చుండి భోజనము చేయును.