నొప్పి గోలీ

ముందే చెప్తున్నా, నాది ఎల్‌కేజీ నుంచి ఇంగ్లిష్ మీడియం. ఒత్తులు తప్పితే క్లబ్ వాళ్ళు దిద్దుతారని ధైర్యం. ఇంగ్లిష్‌లో రాస్తే మా నాన్న చదవలేడు, అందుకే తెలుగులో రాస్తున్నా.

మాది సూర్యాపేట. నాన్న లారీ డ్రైవర్. మిర్యాలగూడ మిల్లుల్లో బియ్యం లోడ్ ఎత్తుకుని కోదాడ మీదుగా విజయవాడ వైపు పోతాడు. నేను ఇంటర్ ఫస్టియర్‌లో ఉన్నప్పుడు లోడు మీద పట్టా కడుతుంటే తాడు తెగి కింద పడ్డాడు. వెన్నుపూస చిట్లింది. ఆపరేషన్ అక్కర్లేదని నడుముకి బెల్టు ఇచ్చారు. నొప్పికి ట్రామడాల్ రాశారు, పది రోజులకి.

ఆ పది రోజులు మూడేళ్ళయ్యాయి.

ట్రామడాల్ షెడ్యూల్ హెచ్1 మందు. షాపువాళ్ళు చీటీ చూసి, రిజిస్టర్‌లో రాసుకుని ఇవ్వాలి. 2018 ఏప్రిల్‌లో దాన్ని ఎన్‌డీపీఎస్ చట్టం కిందికి కూడా తెచ్చారు. కానీ నాన్న దగ్గర మడతల్లో చిరిగిపోతున్న ఒక పాత చీటీ ఉంది, రూట్‌లో మూడు ఊళ్ళున్నాయి. సూర్యాపేటలో ఒక స్ట్రిప్, కోదాడలో ఒకటి, మిర్యాలగూడలో ఒకటి. ఇంట్లో మాకూ అనుమానం రాలేదు. ఉమ్మడి నల్లగొండలో నొప్పి గోలీ లేని ఇల్లు ఎక్కడుంది? ఫ్లోరైడ్ నీళ్ళు తాగిన మోకాళ్ళు, బస్తాలు మోసిన నడుములు మావాళ్ళవి.

పోయిన సెమిస్టర్ సెలవుల్లో ఆ స్ట్రిప్ మీద పేరు చూసి ఫోన్‌లో వెతికా. ఓపియాయిడ్ అని వచ్చింది. అంటే మన నల్లమందు మెదడులో ఎక్కడ పనిచేస్తుందో ఇదీ అక్కడే పనిచేస్తుంది. నాన్న రోజుకి 50 ఎంజీవి నాలుగు వేసుకుంటున్నాడు. భయమేసింది. ఎవరికీ చెప్పకుండా ఇంట్లో ఉన్నవన్నీ తీసి మోరీలో పారేశా. పాత చీటీ కూడా చింపేశా. అన్‌ఇన్‌స్టాల్ చేసినంత ఈజీ అనుకున్నా.

మర్నాటికల్లా నాన్నకి ఒళ్ళంతా చెమటలు. ఆగకుండా ఆవలింతలు, ముక్కు కారడం, విరేచనాలు. రాత్రి కాళ్ళు ఒక చోట పెట్టలేకపోయాడు. "లోపల కరెంట్ పెట్టినట్టున్నదే" అని అమ్మతో అంటుంటే పక్క గదిలో నాకు వినపడింది. అమ్మ వైరల్ జ్వరం అనుకుని తడిబట్ట వేస్తోంది. నాకు కారణం తెలుసు. అయినా ఆ రాత్రంతా నోరు విప్పలేదు. ఈ వ్యాసంలో రాయడానికి నాకు కష్టమైన వాక్యం ఇదే.

పొద్దున చెప్పేశా. నాన్న తిట్టలేదు. "నేనేమన్న గంజాయి తాగుతున్ననా బిడ్డా? డాక్టర్ రాసిందే గద" అన్నాడు. తిట్టినా బాగుండేది.

అదే రోజు సూర్యాపేటలో ఒక సైకియాట్రిస్ట్ దగ్గరికి తీసుకెళ్ళాం. బోర్డు చూసి నాన్న బండిని నాలుగు షాపుల అవతల ఆపాడు. డాక్టర్ గారు ముందు నా వైపే చూసి, "ఇట్లా ఒక్కసారి ఆపకూడదమ్మా" అన్నారు. మందు వేసుకున్నన్నాళ్ళూ మెదడు దానికి తగ్గట్టు సర్దుకుంటుందట. ఉన్నట్టుండి తీసేస్తే ఆ సర్దుబాటు తిరగబడుతుందట. ట్రామడాల్ సెరటోనిన్ మీద కూడా పనిచేస్తుంది కాబట్టి, ఆపినప్పుడు జ్వరం లాంటి బాధతో పాటు గాభరా, షాక్ కొట్టినట్టు ఉండటం కూడా ఉంటాయన్నారు. ఒంటికి అలవాటవడం వేరు, వ్యసనం వేరు అని కూడా చెప్పారు. ఆ మాట విన్నాకే నాన్న తలెత్తాడు.

మళ్ళీ నాలుగుతోనే మొదలుపెట్టారు. రెండు వారాలకి ఒకటి చొప్పున తగ్గించాలి. నేను ఎక్సెల్ షీట్ చేశా, ఎవరూ చూడలేదు. అమ్మ గోడ క్యాలెండర్ మీద పెన్సిల్‌తో టిక్కులు పెట్టింది. స్ట్రిప్పులు పోపుల డబ్బా వెనక దాచి, రోజు లెక్క రోజు ఇచ్చేది. ఆ కాలమంతా డ్రైవింగ్ వద్దన్నారు. ఓనర్ గారు దయతలచి మిల్లు కాంటా దగ్గర చీటీలు రాసే పని ఇచ్చారు. జీతం సగం.

నాలుగు నుంచి మూడుకి సులువుగానే దిగాడు. రెండు నుంచి ఒకటికి వచ్చేసరికి నరకం. నాకు అప్పుడు అర్థమైంది, మొదటిసారి తగ్గింది పావు వంతు, ఇప్పుడు తగ్గింది సగం. నిద్ర పట్టక రాత్రి రెండింటికి డాబా మీద నడిచేవాడు. నేనూ వెంట నడిచేదాన్ని. కాళ్ళకి వేడినీళ్ళు, ఓఆర్ఎస్, డాక్టర్ ఇచ్చిన వేరే మందులు. ఒకరోజు కోదాడ పోయి దొంగతనంగా ఒక స్ట్రిప్ కొన్నాడు. సాయంత్రం తనే తెచ్చి అమ్మ చేతిలో పెట్టాడు. ఒక్కటీ తీయలేదు. డాక్టర్ గారికి చెప్తే కోప్పడలేదు. "ఇక్కడే ఇంకో రెండు వారాలు ఆగుదాం, వెనక్కి మాత్రం పోవద్దు" అన్నారు. తగ్గించాక పాత డోసు ఒక్కసారిగా వేసుకుంటే ఒళ్ళు తట్టుకోదని, ప్రమాదమని హెచ్చరించారు.

మొత్తం నాలుగు నెలలు పట్టింది. నడుం నొప్పి పోయిందా అంటే పోలేదు. ఫిజియో చెప్పిన ఎక్సర్‌సైజులు చేస్తున్నాడు, చలికాలం మూలుగుతాడు. మళ్ళీ లారీ ఎక్కాడు, కానీ లోడు మీదికి ఎక్కట్లేదు.

మీ ఇంట్లో కూడా ఇలాంటి స్ట్రిప్ ఉండొచ్చు. అడగండి, కానీ నాలాగా పారేయకండి. మా నాన్న లెక్క మీ నాన్నకి సరిపోదు, అది డాక్టరే చెప్పాలి. ఎవరిని అడగాలో తెలియకపోతే టెలిమానస్ 14416కి ఫోన్ చేయండి. తెలుగులోనే మాట్లాడతారు.

ఇది రాస్తానంటే నాన్న కాసేపు ఆలోచించి, "నా పేరు రాయకు. గోలీ పేరు మాత్రం పెద్దగ రాయి" అన్నాడు.

ట్రామడాల్.