జరిమానానా, టిక్కెట్టా?

రాత్రి పది దాటాక టీవీ పెడితే పది రూపాయలు జరిమానా. మా ఇంట్లో నేను పెట్టిన చట్టమిది. ఇంగ్లండు ఫుట్‌బాల్ పిచ్చి పట్టిన మా మనవడు ఒకనాడు ఇరవై రూపాయలు నా చేతిలో పెట్టి, "తాతయ్యా, రేపటిది కూడా ఇందులోనే" అన్నాడు!

ఆ ఆటలోనూ ఇదే కథ. ఆదాయానికి మించి ఖర్చు చేయరాదన్న నియమం తప్పినందుకు 2014లో యూరప్ ఫుట్‌బాల్ సమాఖ్య పారిస్ సెయింట్ జర్మెయిన్ క్లబ్బుకు 6 కోట్ల యూరోల జరిమానా వేసి, అందులో 4 కోట్లు షరతుల మీద నిలిపింది. 2017లో అదే క్లబ్బు నెయ్‌మార్ ఒక్కడి కోసం 22 కోట్ల 20 లక్షల యూరోలు పోసింది. కలవాడికి జరిమానా టిక్కెట్టు వంటిదే.

2023 నవంబరులో ఎవర్టన్ క్లబ్బుకు మాత్రం 10 పాయింట్లు కోశారు. అప్పీలు మీద 2024 ఫిబ్రవరిలో అది 6కు తగ్గింది. "ఇది తగులుతుంది తాతయ్యా" అన్నాడు మావాడు.

మన తిరువొత్తియూరు స్థలపురాణమూ అంతే కదా! పొగడచెట్టు కింద సంగిలికిచ్చిన మాట తప్పి ఊరు దాటిన సుందరమూర్తి నాయనారుకు, శివుడి చెలికాడైనా, చూపు పోయింది. స్వామి డబ్బు అడగలేదు.

నేనూ చట్టం మార్చాను. పది దాటితే ఆదివారం ఆట బంద్. వారం రోజులు టీవీ వేళకే ఆగింది. తరువాత ఒకరాత్రి మావాడు తప్పాడు. ఆదివారం పొద్దున్నే పదిమంది పిల్లలు గుమ్మంలో నిలబడ్డారు. "వాడు లేకపోతే ఓడిపోతాం తాతా!"

తప్పు ఒకడిది, శిక్ష పదిమందికి. ఎవర్టన్ అభిమానుల బాధ అప్పుడు అర్థమైంది. వాణ్ణి పంపేశాను. ఇరవై రూపాయలూ తిరిగిచ్చాను. రిమోటు మాత్రం ఇప్పుడు నా తలగడ కింద ఉంటోంది.