ఈస్ట్‌హామ్‌లో తొలి ఖాతా

లండన్‌లో డిస్ట్రిక్ట్ లైన్ రైలెక్కి ఈస్ట్‌హామ్‌లో దిగితే... హై స్ట్రీట్ నార్త్ పొడవునా దోసెల వాసన, చీరల దుకాణాలు, మధ్యమధ్యలో తెలుగు మాటలు! చదువుకోవడానికి వచ్చిన మన పిల్లలు ఎందరో గది వెతుక్కునేది ఇక్కడే. వారం తిరక్కుండానే చిక్కొచ్చి పడుతుంది. అదే, బ్యాంకు ఖాతా.

చిరునామా రుజువేదీ అంటుంది బ్యాంకు. కరెంటు బిల్లేమో ఓనరు పేరు మీద ఉంటుంది. ముగ్గురు సర్దుకునే గదికి అద్దె ఒప్పందం ఎవరు రాసిస్తారు? పోనీ వేరే ఇల్లు చూసుకుందామంటే, ఆ ఓనరు బ్యాంకు స్టేట్‌మెంట్ అడుగుతాడు. పిచ్చి కుదిరితేగానీ పెళ్లి కాదు, పెళ్లయితేగానీ పిచ్చి కుదరదు!

ఈ ముడి విప్పేది యూనివర్సిటీ. పేరు, కోర్సు, చిరునామాలతో బ్యాంకుకు ఓ లేఖ రాసిస్తుంది. సెప్టెంబరులో దానికీ క్యూనే. ఈలోగా ఇంటినుంచి తెచ్చిన పౌండ్లు కరిగిపోతుంటాయి. కాలేజీ నడిచే రోజుల్లో పని చేసుకోవడానికి డిగ్రీ విద్యార్థులకు వారానికి 20 గంటలే అనుమతి. ఆ కాస్త జీతం పడాలన్నా ఖాతా ఉండాల్సిందే.

అంతా అయ్యాక కార్డు ఓ కవర్లో, పిన్ మరో కవర్లో పోస్టులో వస్తాయి. అందుకే ఆ రోజుల్లో తలుపు సందులోంచి కాగితం పడిన చప్పుడైతే చాలు... ఇంట్లో ఉన్నవాళ్లంతా మెట్లు దిగి పరుగే!