గాలి ఆడే తడిక

శీతలయంత్రానికి రెండు ముఖాలున్నాయి. గదిలో గోడమీద ఉండే ముఖం తెల్లగా, నున్నగా, అతిథులకు చూపదగినట్లు ఉంటుంది. రెండవది ఇంటి వెలుపల ఇనుప స్టాండుమీద దుమ్ము పట్టి, గొట్టాలు వేలాడేసుకుని, రాత్రంతా గుర్రుమంటూ ఉంటుంది. మన సుఖానికి కావలసిన చాకిరీలో బరువైన భాగం దానిదే. దాచాలనిపించేదీ దానినే.

విజయవాడలో మా ఫ్లాటు రెండవ అంతస్తులో ఉన్నది. బాల్కనీకి ఒక కొసన అటువంటి యంత్రాలు రెండు, ఒకదానిపై ఒకటి. రెండవ కొసన మా అమ్మ కుర్చీ. గోదావరి జిల్లాలో పెద్ద అరుగున్న ఇంటిని వదలి నా దగ్గరకు వచ్చిన నాటినుండి ఆమెకు అరుగూ, పెరడూ, ఆకాశమూ ఆ ఆరడుగుల చోటే. "అమ్మాయ్, పొద్దస్తమానం ఆ ఇనప్పెట్టెలకేసి చూస్తూ కూర్చోలేకపోతున్నానే" అన్నది ఒకనాడు. ఏనాడూ ఏదీ అడగని మనిషి నోరు తెరిచి అడిగిన మొదటి కోరిక అది.

వడ్రంగి కొలతలు తీసుకుని, ప్లైవుడ్‌తో బీరువాలాగా మూసేద్దామన్నాడు. ఏసీ మెకానిక్ ఆ మాట విని నవ్వాడు. "దీనికీ ముక్కుంది, నోరుంది మేడమ్. వెనకనుంచీ పక్కనుంచీ గాలి పీల్చి ముందునుంచి వదులుతుంది. మూసేస్తే, వదిలిన వేడినే మళ్ళీ పీల్చుకుంటుంది" అన్నాడు.

అతను చెప్పినది అక్షరసత్యం. ఈ యంత్రం చల్లదనాన్ని సృష్టించదు. గదిలోని వేడిని మోసుకుపోయి బయట పారబోస్తుంది. మనం 'టన్ను' అనేది యంత్రం బరువు కాదు. అమెరికా కొలత ప్రకారం ఒక టన్ను, అనగా సుమారు 907 కిలోల మంచుగడ్డ, 24 గంటలలో కరిగిపోతూ ఎంత వేడిని గుంజుకుంటుందో అంత వేడిని తొలగించగల శక్తి అది. ఆ లెక్కన 1.5 టన్నుల యంత్రం పూర్తిగా పనిచేస్తున్నప్పుడు 5 కిలోవాట్లకు పైబడిన గదివేడిని, దానితోపాటు తాను వాడుకున్న విద్యుత్తు వేడిని కూడా వెలుపలికి నెడుతుంది. ఆ దారి మూస్తే కంప్రెసర్ ఆయాసపడుతుంది, కరెంటు బిల్లు పెరుగుతుంది, చివరకు యంత్రమే ఆగిపోవచ్చు.

ఇంగ్లీషు సాహిత్యం చదువుకుని అనువాదాన్ని వృత్తిగా చేసుకున్నదానిని కనుక, వస్తువుకంటె ముందు మాటకోసం వెతకడం నాకు అలవాటు. తెర చూపునూ ఆపుతుంది, గాలినీ ఆపుతుంది. గోడ సంగతి సరేసరి. చూపును ఆపి గాలిని పోనిచ్చేది తడిక. పూర్వం వేసవిలో కిటికీలకు వట్టివేళ్ళ తడికలు కట్టి నీళ్ళు చల్లేవారు. ఎండ వెలుపలే నిలిచిపోయేది, గాలి మాత్రం పరిమళించి లోపలికి వచ్చేది. జైపూరులో 1799లో కట్టిన హవామహల్ జాలీలదీ ఇదే నేర్పు: లోపలివారు కనబడరు, గాలి ఆడుతుంది.

"తడికా? అయితే సరే" అన్నాడు వడ్రంగి. టేకు చట్రంలో అడ్డంగా సన్నని బద్దలు. బద్దకూ బద్దకూ నడుమ రెండు వేళ్ళ సందు. యంత్రాలకు మూరెడు ఎడంగా, కుర్చీవైపు మాత్రమే నిలిపాడు. పైభాగం తెరిచే ఉన్నది. వీధివైపు పంకాల ముందు ఏ అడ్డూ లేదు. మేకులు కొట్టలేదు. గోడకు కొక్కేలు, చట్రానికి కడియాలు, గాలివానకు పడిపోకుండా కింద ఒక గడియ. ఒక్క మనిషి ఎత్తి పక్కన పెట్టవచ్చు. అమ్మ దాని ముందు తులసికుండీ పెట్టించుకుని తృప్తిగా కూర్చున్నది.

పదిరోజులు గడిచాక ఒక ప్రశ్న వేసింది: "మనకైతే కనబడటం లేదు సరే, ఎదురింటి పిల్ల సాయంత్రం కాగానే కిటికీ ఎందుకు మూసుకుంటున్నదే?"

సందుకు అవతల, మేడమీద, రేకుల గదిలో ఒక అమ్మాయి బట్టలు కుడుతూ ఉంటుంది. మా పంకాల నోరు సరిగ్గా ఆ కిటికీకే ఎదురు. కన్ను నొచ్చుకోకుండా మేము తడిక కట్టుకోగలిగాము. ఆ అమ్మాయి ఒంటికి తగిలే సెగకు మా తడిక అడ్డం రాదు కదా! మెకానిక్‌ను మళ్ళీ పిలిపించి, గాలిని ఆకాశంవైపు మళ్ళించే వంపు రేకులు పంకాలకు కట్టించాము. 2020 జనవరి నుండి మన దేశంలో కొత్త ఏసీలు 24 డిగ్రీలవద్ద మొదలయ్యేటట్లు నియమం పెట్టారు. మేము 26వద్ద ఉంచి, సీలింగ్ ఫ్యాను తిప్పుకుంటున్నాము. ఆ కిటికీ ఇప్పుడు కొన్ని సాయంత్రాలు తెరిచి ఉంటున్నది. ఎండలు మరీ మండిపోయిన రోజున మూసే ఉంటున్నది. యంత్రం ఉన్నంతకాలం దాని వేడి ఎక్కడో ఒకచోటికి పోవలసిందే.

ఏటా ఉగాదికి ముందు ఒకసారి, వానలు వెనుకబట్టాక ఒకసారి తడికను తీసి పక్కన పెడతాము. మెకానిక్ దుమ్ము కడుగుతాడు. ఆ పూట యంత్రాలు రెండూ ఉన్నవి ఉన్నట్లు కంటబడతాయి. వాటి ఎదుట ఆ కిటికీ కూడా. అలా చూడటం మంచిదే అనిపిస్తుంది. తీయడానికి వీలులేని తడిక కట్టుకుంటే, దాని వెనక ఏమున్నదో కొన్నాళ్ళకు కట్టుకున్నవాళ్ళే మరిచిపోతారు.