కామెర్లూ, కుళాయి నీళ్ళూ

పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనిపిస్తుందని సామెత. ఆ జబ్బు పడి లేచినవాళ్ళను నేను చాలామందిని అడిగి చూశాను. ఒక్కరికీ లోకం పచ్చగా కనిపించలేదట! అన్నం వాసన గిట్టకపోవడం, కాలు కదపలేని నీరసం, డికాషన్ రంగులో మూత్రం – వాళ్ళకు జ్ఞాపకమున్నవి ఇవే. పచ్చబడేది వాళ్ళ కళ్ళు. ఆ పచ్చదనం కనిపించేది మనకు.

కామెర్లకు కారణాలు అనేకం. అందులో నీళ్ళ మీద వచ్చేవాటిలో ముఖ్యమైనది హెపటైటిస్ ‘ఇ’ అనే వైరస్. ఆరోగ్యంగా ఉన్న మనిషిని కొన్ని వారాలు మంచాన పడేసి, చాలావరకు తనంతట తానే వెళ్ళిపోతుంది. పసరు మందులకు అంత పేరు రావడానికి ఇదే కారణమని నా అనుమానం. పోయే చుట్టానికి వీడ్కోలు చెప్పి, నేనే పంపించానన్నట్టు!

కాని గర్భిణుల దగ్గర ఈ జబ్బుకు ఆపాటి దయ కూడా లేదు. చివరి మూడు నెలల్లో సోకితే నూటికి 20 నుంచి 25 మంది దాకా ప్రాణాలు పోవచ్చునని వైద్యులు చెబుతారు.

మా అమ్మాయి ఏడో నెలలో పురిటికి వచ్చిన నాలుగో రోజున ఎదురింటి కుర్రవాడికి కళ్ళు పచ్చబడ్డాయి. వారం తిరక్కుండా వీధిలో మరో ముగ్గురు. పక్కింటి పిన్నిగారు వచ్చి, “ఆ పందులు చూశావుటే, కాలవలో పడి దొర్లుతున్నాయి. వాటివల్లే ఇదంతా” అని తేల్చేశారు.

పందుల మీద ఆ అపవాదు పూర్తిగా అబద్ధమూ కాదు. పందుల్లోనూ ఇలాంటి వైరస్ ఉందని 1997లో అమెరికాలో కనుక్కున్నారు. జపానులో దుప్పి మాంసం పచ్చిగా తిన్నవాళ్ళు జబ్బు పడితే, మిగిలిన మాంసాన్ని పరీక్షించి అదే వైరస్‌ను పట్టుకున్న సంగతి 2003లో బయటపడింది. అడవిపందులకూ, కుందేళ్ళకూ, ఒంటెలకూ కూడా ఈ వంశపు వైరస్‌లున్నాయి. అయితే ఇందులో రకాలున్నాయి. మన దేశంలో రోగుల్లో కనిపించేది మొదటి రకం, అది మనుషులదే. మన పందుల్లో దొరికింది నాలుగో రకం. పిన్నిగారితో ఈ మాట అంటే, “అయితే పందుల్ని వెనకేసుకొస్తావన్నమాట” అని మూతి ముడుచుకున్నారు.

అసలు దోషి ఎవరో ఢిల్లీ ఎప్పుడో చూపించింది. 1955లో వరద తీశాక యమున దారి మార్చుకుంది. నజఫ్‌గఢ్ మురుగు వెనక్కు వచ్చి, వజీరాబాదులో నగరానికి నీళ్ళు తోడే చోట కలిసింది. అధికారులు క్లోరిన్ ఎక్కువ కలిపారు. టైఫాయిడ్ రాలేదు గాని, నలభై రోజులు గడిచేసరికి కామెర్లు విరుచుకుపడ్డాయి. ఇంచుమించు 29,000 మందికి! ఆనాటి రక్తపు నమూనాలను దాచి ఉంచి, 1980లో పరీక్షిస్తే అది అంతవరకు తెలిసిన కామెర్ల వైరస్ కాదని తేలింది. ఆ కొత్తది ఎలా ఉంటుందో చూడడానికి మిఖాయిల్ బలయాన్ అనే రష్యన్ శాస్త్రజ్ఞుడు రోగుల మలం నుంచి తీసిన ద్రవాన్ని తానే తాగి, జబ్బు పడి, దాన్ని మైక్రోస్కోపు కింద పట్టుకున్నాడు. ఆ సంగతి ప్రకటించింది 1983లో. ఆయన ఇల్లాలు ఏమందో ఎవరూ రాయలేదు.

ఢిల్లీ కథలో నన్ను భయపెట్టింది ఆ నలభై రోజులు. ఇవాళ కళ్ళు పచ్చబడితే, తాగిన నీళ్ళు ఎప్పటివో! రెండు వారాల నుంచి పది వారాల దాకా ఈ వైరస్ కడుపులో మాటు వేసి ఉండగలదు. ఎదురింటి వార్త విన్న పూటనుంచే గుండిగెడు నీళ్ళు తెర్లకాచి, మూతపెట్టి, అవే తాగించాను. పళ్ళు తోముకోవడానికీ అవే. కాని అంతకుముందు నాలుగు రోజులు మా అమ్మాయి తాగిన నీళ్ళ మాటేమిటి? కాలెండరు మీద పెన్సిలుతో డెబ్భై రోజులు గీతలు పెట్టాను. రోజూ పొద్దున్నే దాని కళ్ళు వెలుతురుకు తిప్పి చూసేదాన్ని. “అమ్మా, నన్ను చూస్తున్నావా, నా కళ్ళు చూస్తున్నావా?” అని విసుక్కునేది.

చైనాలో 2011లో దీనికి టీకా అనుమతించారు. అది మా వీధి చివరి మందుల షాపులో దొరికే వస్తువు కాదు.

అరవై రెండో గీత రోజున మనుమరాలు పుట్టింది. మిగిలిన ఎనిమిదీ ఆస్పత్రి నుంచి వచ్చాక పెట్టాను. మురిక్కాలవలోంచి వెళ్ళే మా కుళాయి గొట్టం గురించి వీధివాళ్ళమంతా రెండు అర్జీలిచ్చాం. వచ్చి చూసి, రాసుకుని వెళ్ళారు. గొట్టం ఇంకా కాలవలోనే ఉంది. గుండిగ ఇంకా పొయ్యి మీదే ఉంది.